జోడు ఇంజనుల విమానము – గోదావరి సీమ

దేశపటమును ముందు పరచుకొని హైదరాబాదు బేగంపేట నుండి నాగపూరునకు ఒక సరళరేఖ గీసినచో, ఆ రేఖ ఆదిలాబాదు జిల్లాలోని ఉట్నూరు మీదుగా పోవును. నాగపూరు నుండి మద్రాసునకు మరియొక రేఖ గీసినచో, అది మంచిర్యాలకు పడమరగా గోదావరిని దాటి, పాత కరీంనగరు జిల్లాలోని బసంత్‌నగరు మీదుగా దక్షిణమునకు సాగును. 2016లో జిల్లాల పునర్విభజన జరిగిన పిమ్మట బసంత్‌నగరు పెద్దపల్లి జిల్లాలో చేరినది. చరిత్ర చెప్పుకొనుచున్నాము గనుక ఇచ్చట పాత పేర్లనే వాడుదుము.

ఈ రెండు రేఖలను మేము ఊరక గీయలేదు. ఒకదాని వెంట పగటి విమానములును, రెండవదాని వెంట అర్ధరాత్రి దాటిన పిమ్మట తపాలా విమానములును కొన్ని సంవత్సరములు నడచినవి. అవి రెండు ఇంజనుల విమానములు. క్రింద గోదావరి, ప్రాణహిత, కడెం లోయలు, టేకు అడవులు, గోండు గూడెములు. పైన పోవువారికి ఆ నేలతో పని లేదు. నేలమీది వారికి ఆ విమానముతో పని లేదు. ఒక చిన్న విమానమును సొంతముగా కొనవలెనని, దానికి ఒకటి గాక రెండు ఇంజనులుండవలెనని, ఖర్చును శ్రమను ఒక మిత్రునితో పంచుకొనవలెనని కోరుకొనువారు లోకమున ఎందరో కలరు. వారి కోరికకు వెనుక నున్న చరిత్రను మన ఉత్తర తెలంగాణపు నేలమీద నిలిచి చూచినచో ఎట్లుండునో చెప్పుటయే ఈ ప్రసంగము యొక్క ఉద్దేశము. ముందే ఒక మాట చెప్పుదుము: ఈ సీమలో విమానము కొనగలవారి చరిత్ర కన్న, అది దిగుటకు నేల కలవారి చరిత్రయే పెద్దది.

మన దేశమున సొంత విమానయానము స్నేహముతోనే మొదలయినదనుట అతిశయోక్తి కాదు. 1929లో నెవిల్ వింట్సెంటు, న్యూవాల్ అను ఇద్దరు బ్రిటిషు వాయుసేన మాజీ ఉద్యోగులు రెండు డీ.హెచ్.9 విమానములతో ఇండియాకు వచ్చి, ఊరూర జనులను ఎక్కించుకొని త్రిప్పిరి; పైనుండి ఛాయాచిత్రములు తీసిరి. అవి మొదటి ప్రపంచయుద్ధము నాటి యంత్రములు. ఆ జాతి విమానము పేరు హైదరాబాదు వారికి కొత్త కాదు. 1918లో బ్రిటిషు వాయుసేన 110వ దళమునకు డీ.హెచ్.9ఏ విమానములను కానుకగా ఇచ్చినది నిజాం ప్రభువే. ఆ దళమునకు హైదరాబాదు పేరే నిలిచినది. ప్రభువు కొనియిచ్చిన విమానములు ఐరోపా ఆకాశమున ఎగిరినవి గాని, ప్రభువు పాలించిన కరీంనగరు రైతు వాటిని చూడలేదు.

1930 మార్చిలో ఆర్.ఎన్. చావ్లా, ఆస్పీ ఇంజనీరు అను ఇద్దరు యువకులు ఒకే జిప్సీ మాత్ విమానములో కరాచీ నుండి ఇంగ్లండు చేరిరి. భారతీయులు విమానము నడుపుకొని ఇంగ్లండు చేరుట అదియే మొదలు. ఆ సంవత్సరమే ఆగాఖాన్ బహుమానము కొరకు ఒంటరి ప్రయాణపు పోటీ జరిగినది. ఇంగ్లండు నుండి ఇటు వచ్చుచున్న ఆస్పీ, ఇటునుండి అటు పోవుచున్న జె.ఆర్.డి. టాటా ఈజిప్టులోని అబూకిర్ వద్ద కలిసికొనిరి. ఆస్పీ స్పార్కు ప్లగ్గులు లేక చిక్కుపడి యుండెను. ప్రత్యర్థియైన టాటా తనవద్ద నున్న ప్లగ్గులను ఇచ్చివేసెను. కొన్ని గంటల తేడాతో బహుమానము ఆస్పీకే దక్కెను. టాటా ఆ తరువాత ఈ సంగతిని తలచుకొని సంతోషించినవాడే గాని విచారించినవాడు కాడు. ఆస్పీ ఇంజనీరు 1960లో భారత వాయుసేనకు అధిపతి అయ్యెను. విమానయానములో మిత్రుడనగా ఎవరో చెప్పవలసి వచ్చినప్పుడు మాకు మొదట తోచునది ఈ ప్లగ్గుల కథయే.

1932 అక్టోబరు 15వ తేదీన టాటా విమాన తపాలా ప్రారంభమయ్యెను. కరాచీ నుండి బొంబాయి వరకు టాటాయే పస్ మాత్ విమానమును నడిపెను. బొంబాయి నుండి బళ్లారి మీదుగా మద్రాసు వరకు నడిపినవాడు వింట్సెంటు. ఆ సంస్థకు ఆలోచన వింట్సెంటుది, అండ టాటాది. కొంతకాలమునకు బళ్లారికి బదులు హైదరాబాదు మజిలీ అయినది. వింట్సెంటు 1942 జనవరిలో ఇంగ్లండు నుండి రెండు ఇంజనుల హడ్సన్ విమానములో బయలుదేరి, ఫ్రాన్సు తీరమున శత్రువులు కూల్చుటచే మరణించెను. ఒక్క ఇంజనుతో ఎడారులను, కొండలను ఇన్ని సంవత్సరములు దాటినవాడు రెండు ఇంజనుల విమానములో పోయెను.

ఆ హడ్సన్ తప్ప ఈ చరిత్రలో ఇంతవరకు చెప్పినవన్నియు ఒంటి ఇంజను విమానములు. మన సీమ మీదికి రెండు ఇంజనులు వచ్చుట దక్కన్ ఎయిర్‌వేస్‌తో జరిగినది. నిజాం ప్రభుత్వము, టాటా సంస్థ భాగస్వాములుగా 1945లో ఆ సంస్థ ఏర్పడినది. దాని కేంద్రము బేగంపేట. యుద్ధము ముగిసి చవుకగా దొరకిన డకోటా విమానములే దాని సంపద. ఒక్కొక్క డకోటాకు 1,200 అశ్వశక్తి గల ఇంజనులు రెండు. మద్రాసు, హైదరాబాదు, నాగపూరు, భోపాలు, గ్వాలియరు, ఢిల్లీ – ఇది దాని ముఖ్యమైన బాట. హైదరాబాదు విడిచి నాగపూరు దిగు వరకు నడుమ విమానము ఆగదు. ఆ సంవత్సరములలోనే హైమెండార్ఫు పండితుడు మార్లవాయిలో గోండుల నడుమ కుటీరము కట్టుకొని వారి జీవితమును వ్రాసికొనుచుండెను. ఆదిలాబాదు అడవికి రోడ్డు లేని దినములవి. రోడ్డు కన్న ముందు తలపైన ఆకాశమార్గము ఏర్పడుట ఈ సీమకు జరిగిన విచిత్రము.

దక్కన్ ఎయిర్‌వేస్ పేరు చెప్పినప్పుడు ప్రేమ్ మాథుర్ అను వనితను తలవకుండుట న్యాయము కాదు. ఆమె 1947లో వాణిజ్య పైలట్ లైసెన్సు పొందెను. ఎనిమిది సంస్థలు ఆమెను తీసికొనుటకు నిరాకరించినవి. హైదరాబాదు సంస్థ తీసికొనినది. 1949లో జాతీయ విమాన పందెమున ఆమెయే గెలిచెను. డకోటాలో కుడివైపు ఆసనమున, అనగా సహాయ పైలటుగా, ఆమె పలువురు ప్రముఖులను గమ్యము చేర్చెను. కావలసిన గంటలు పూర్తిచేసినను ఎడమవైపు ఆసనము, అనగా విమానముపై పూర్తి అధికారము, ఆమెకు దక్కలేదు. ఆమె హైదరాబాదు విడిచి ఢిల్లీ వెడలి, ఘనశ్యామదాసు బిర్లా సొంత విమానమునకు పైలటు అయ్యెను. 1953లో ఇండియన్ ఎయిర్‌లైన్స్‌లో చేరెను. బిర్లాల సొంత విమానమను మాటను శ్రోతలు గుర్తుంచుకొనవలెను. మరల గోదావరి ఒడ్డున దానితో పని పడును.

1949 జనవరిలో రాత్రి విమాన తపాలా మొదలయినది. ఢిల్లీ, బొంబాయి, కలకత్తా, మద్రాసు నగరముల నుండి నాలుగు విమానములు చీకటి పడిన పిమ్మట బయలుదేరి నడిరేయికి నాగపూరు చేరును. అక్కడ సంచులను మార్చుకొని ఎవరి దిక్కునకు వారు మరలుదురు. తెల్లవారునప్పటికి ఉత్తరము ఊరిలో నుండును. కొంత జాగా మిగిలినచో ప్రయాణికులను గూడ తక్కువ ఛార్జీకి ఎక్కించుకొనెడివారు. సంస్థలు మారినవి, పద్ధతి నిలిచినది. 1953 ఆగస్టు 1వ తేదీన దక్కన్ ఎయిర్‌వేస్ తోడుగా దేశములోని విమాన సంస్థలన్నియు జాతీయమయి, దేశములోపలి ప్రయాణములు ఇండియన్ ఎయిర్‌లైన్స్ చేతికి వచ్చినవి.

నాలుగు నెలలయినది. 1953 డిసెంబరు 12వ తేదీ తెల్లవారుజామున నాగపూరు నుండి మద్రాసునకు తపాలా డకోటా లేచినది. లేచిన కొద్దిసేపటికే ఒక ఇంజను శక్తి కోల్పోయినది. నేలకు దగ్గరగా, చీకటిలో, నిండు బరువుతో, రెండవ ఇంజను ఒక్కటియే ఆ విమానమును మోయలేకపోయినది. పదునలుగురిలో పదుమువ్వురు మరణించిరి. వారిలో కార్మిక నాయకుడు, పార్లమెంటు సభ్యుడు హరిహరనాథ శాస్త్రి ఒకరు. బ్రతికినవాడు విమానము నడిపిన కెప్టెను ఒక్కడే. ఆ విమానము దారి తప్పక వచ్చియుండినచో ఇంకొక గంటలో బసంత్‌నగరు పొలముల మీదుగా పోయియుండును.

ఈ ప్రమాదమును వినగానే గృహస్థులకు కలుగు సందేహము సహజమైనది. రెండు ఇంజనులుండుట ఒకటి పోయినను రెండవది కాపాడుటకే గదా? మరి ఏమయినది?

దీనికి సమాధానము మన పల్లెలలోనే కలదు. జోడెడ్ల బండిని తలచుకొనుడు. కాడికి కుడివైపున ఒక ఎద్దు, ఎడమవైపున ఒక ఎద్దు. ఏటవాలు గట్టు ఎక్కుచుండగా ఎడమ ఎద్దు కూలినదనుకొందము. కుడి ఎద్దు ఎంత బలిష్ఠమయినదయినను బండిని తిన్నగా ముందుకు లాగలేదు. ఎడమ ప్రక్కకు త్రిప్పివేయును. కూలిన ఎద్దు బరువు గూడ కాడిపైననే యుండును. విమానమున ఇంజనులు రెక్కలకు అమర్చబడి యుండును. ఒకటి ఆగినచో రెండవది ముక్కును ఆగిన వైపునకు త్రిప్పును. ఆగిన ప్రొపెల్లరు గాలికి అడ్డుపడి వెనుకకు లాగును. పైలటు వెంటనే చుక్కానిని కాలితో గట్టిగా త్రొక్కి పట్టవలెను. ఆగిన ప్రొపెల్లరు రెక్కలను గాలికి అంచు చూపునట్లు త్రిప్పవలెను. అన్నిటికన్న ముఖ్యముగా వేగము తగ్గనీయరాదు. ప్రతి జోడు ఇంజనుల విమానమునకు ఒక కనీస వేగము నిర్ణయించబడి యుండును. ఒక ఇంజను ఆగినపుడు వేగము అంతకు తగ్గినచో చుక్కానికి పట్టు చాలదు, విమానము తలక్రిందగును. ఇది జరుగుటకు కొన్ని క్షణములు చాలును.

మరియొక లెక్క గూడ చెప్పవలెను. శక్తి సగము పోయినచో ఎక్కు సామర్థ్యము సగమే పోవునని మనము అనుకొందుము. కాని నేలకు సమాంతరముగా సాగిపోవుటకే శక్తిలో చాలభాగము వ్యయమగును. పైకి ఎక్కుటకు వాడుకొనునది మిగులు మాత్రమే. అందుచేత చిన్న జోడు ఇంజనుల విమానమున ఒక ఇంజను ఆగినచో ఎక్కు సామర్థ్యములో నూటికి 80 పాళ్లు, ఒక్కొక్కప్పుడు అంతకన్న ఎక్కువ, పోవును. జీతములో సగము తగ్గినప్పుడు ఇంటిలో మిగులు సగము తగ్గదు, మొత్తమే పోవును గదా! గృహస్థులకు ఇంతకన్న వివరము అక్కరలేదు.

ఇక వేసవి. రామగుండము ఎండ తెలుగుదేశమున పేరుమోసినది. మే నెల మధ్యాహ్నమున 45 డిగ్రీలకు ఎక్కిన దినములు కలవు. వేడిగాలి పలుచనిది. ఆ ఊరు సముద్రమట్టమునకు కొన్ని వందల అడుగుల ఎత్తుననే ఉన్నను, అట్టి మధ్యాహ్నమున అక్కడి గాలి నాలుగు వేల అడుగులకు పైన నుండు గాలియంత పలుచనగును. పలుచని గాలిలో ఇంజనుకు బలము తగ్గును, ప్రొపెల్లరుకు పట్టు తగ్గును, రెక్కకు మోత తగ్గును. ఒక ఇంజనుతో ఎక్కుటకు మిగిలిన ఆ ఇరువది పాళ్లు గూడ ఎండలోనే ఆవిరియగును. కనుక గోదావరి సీమలో రెండవ ఇంజను విలువ ఏమనగా, ఎత్తున పోవుచున్నప్పుడు ఒకటి ఆగినచో మెల్లగా దిగుచు మరి నూరు కిలోమీటర్లు సాగగలుగుట. అడవి దాటుటకు అది గొప్ప వరమే. నేల విడిచిన మొదటి నిమిషమున మాత్రము అది వరమో కాదో చెప్పలేము.

ఇంత తెలిసియు జనులు జోడు ఇంజనుల చిన్న విమానములను ఎందుకు కోరిరి? రాత్రిపూట, మబ్బులలో, నీటిపైన, అడవిపైన ఒక్క ఇంజను చప్పుడునే నమ్ముకొని కూర్చుండుట ఎట్టి గుండెకైనను కష్టము. 1934లో ఇంగ్లండున వచ్చిన డ్రాగన్ ర్యాపిడ్, 1937లో అమెరికాలో వచ్చిన బీచ్ 18 కొంత పెద్దవి. సంస్థానాధీశులకు, కంపెనీలకు తగినవి. 1954లో అమెరికాలో పైపర్ అపాచీ, సెస్నా 310 అమ్మకమునకు వచ్చిన తరువాతనే డాక్టరో, కాంట్రాక్టరో తన మిత్రునితో కలిసి రెండు ఇంజనుల విమానమును కొనగలిగెను. అపాచీకి 150 అశ్వశక్తి ఇంజనులు రెండు. కూర్చుండుటకు నలుగురికి చోటు. 1961లో బీచ్ బారన్ వచ్చినది. మన దేశమున దిగుమతి లైసెన్సులు, విదేశీ ద్రవ్యపు కొరత ఉన్న ఆ రోజులలో అట్టి విమానము రాజులకు, పారిశ్రామికులకు, ప్రభుత్వములకు తప్ప ఇతరులకు అందునది కాదు.

మిత్రులిద్దరు కలిసి కొన్నచో లెక్క ఎట్లుండునో చెప్పుట అవసరము. విమానము ఎగిరినను ఎగురకపోయినను తప్పని ఖర్చులు కొన్ని: షెడ్డు అద్దె, బీమా, ఏటేట జరుగు తనిఖీ. ఇవి చెరిసగము. ఎగిరిన గంటలను బట్టి వచ్చునవి కొన్ని: పెట్రోలు, నూనె, చక్రములు. ఇవి ఎవరి గంటలకు వారివి. బరువైన ఖర్చులలో మరియొకటి ఇంజను మరమ్మతు నిధి. ఇట్టి ఇంజనును సుమారు 1,800 నుండి 2,000 గంటల పనికి ఒకసారి పూర్తిగా విప్పి కట్టవలెను. ఇంజనులు రెండు గనుక గంటగంటకు రెండింటి పేర సొమ్ము తీసి ప్రక్కన పెట్టవలెను. సెస్నా 310 వంటిది గంటకు సుమారు 100 లీటర్ల పెట్రోలు త్రాగును. అది బంకులో దొరకు పెట్రోలు కాదు. విమానములకు ప్రత్యేకముగా చేయునది. 2022లో ఇండియన్ ఆయిల్ సంస్థ దానిని స్వదేశమున తయారుచేసి అమ్మకమునకు పెట్టు వరకు మనము విదేశముల నుండియే తెప్పించుకొనుచుంటిమి. సొంత విమానముగా నమోదయిన దానిని బాడుగకు త్రిప్పుటకు చట్టము ఒప్పదు గనుక, సంపాదించి పెట్టునను ఆశ లేదు.

మా అభిప్రాయమున మిత్రుని వలన కలుగు మేలు డబ్బులో లేదు. ఒకరు నడుపుచుండగా రెండవవారు పటము చూచుట, ఏ తొట్టిలోని పెట్రోలు వాడుచున్నారో గమనించుట, తనిఖీ చీటీని పైకి చదువుట – ఇవి చిన్న పనులుగా కనబడును. ఒక ఇంజను ఆగినపుడు ఏది ఆగినదో తడబడి, మంచి ఇంజనునే ఆపివేసిన పైలటుల కథలు విమాన చరిత్రలో లేకపోలేదు. ప్రక్కన నున్నవాడు "ఎడమది" అని పైకి పలుకుట ప్రాణముల విలువ చేయును. బయలుదేరుటకు ముందు ఇద్దరిలో ఎవరు "నేడు వద్దు" అన్నను ఆ మాటయే చెల్లవలెను. సభకు వేళ అయినదనియో, పెండ్లికి పోవలెననియో మనస్సు తొందరపెట్టునప్పుడు రెండవ ఇంజను ఏమియు చెప్పదు.

ఇచ్చట మా వృత్తికి సంబంధించిన చిన్న ముచ్చట. ఉపగ్రహములు దారి చూపని రోజులలో విమానమున రేడియో దిక్సూచి యుండెడిది. దానిని మధ్యతరంగములపై నడచు ఏ ప్రసార కేంద్రమునకు త్రిప్పినను ముల్లు ఆ కేంద్రము వైపునకు తిరుగును. లోకమంతట పైలటులు ఆ ముల్లును చూచుకొనుచు, ఆ కేంద్రపు పాటలు వినుచు నగరములు చేరెడివారు. మెరుపుల వేళ ముల్లు మబ్బుల వైపునకే తిరిగి మోసపుచ్చెడిది. నడుమ నడుమ కేంద్రము పేరు చెప్పనిచో ఏ ఊరో తెలియదు. ప్రసారకర్తలు గంటగంటకు తమ కేంద్రము పేరు చెప్పుట శ్రోతలకు విసుగు కలిగించవచ్చును గాని, ఆ పేరు విని ఊరట చెందినవారు పైన గూడ ఉండిరి. నేలపై మరియొక గుర్తు కాజీపేట – బల్లార్షా రైలు మార్గము. మానేరును, గోదావరిని దాటుచు ఉత్తరమునకు పోవు ఆ పట్టాలను తప్పక చూచుకొన్నవాడు కరీంనగరు సీమలో దారి తప్పడు. తరువాతి కాలమున రామగుండము విద్యుత్కేంద్రపు పొగగొట్టములు పగలు రాత్రి గుర్తులైనవి.

ఇప్పుడు నేల సంగతి. 1969లో పెద్దపల్లి, రామగుండముల నడుమ కేశోరాం సిమెంటు కర్మాగారము పని మొదలిడినది. అది ఘనశ్యామదాసు బిర్లా కుమారుడగు బసంత్‌కుమార్ బిర్లా సంస్థ. ఆ వాడకు బసంత్‌నగరు అను పేరు. కర్మాగారము ప్రక్కన 1970వ దశకారంభమున విమానములు దిగుటకు ఒక బాట వేయబడినది. యజమానులు తమ సొంత విమానములో వచ్చి, పని చూచుకొని, సాయంకాలమునకు మరలిపోవుటకు అది సాధనము. హైదరాబాదు నుండి గాలిబాటన దూరము సుమారు 170 కిలోమీటర్లు. చిన్న జోడు ఇంజనుల విమానమునకు ముప్పావు గంట ప్రయాణము. రైలులో అర్ధదినము. కరీంనగరు జిల్లాలో సొంత విమానము అనుదినము కాకపోయినను అప్పుడప్పుడు దిగిన నేల అది. ఒకనాడు దక్కన్ ఎయిర్‌వేస్ అధికారమీయని వనితకు పని ఇచ్చిన కుటుంబమే, తరువాత దక్కన్ విమానములు ఆగకుండ దాటిపోయిన సీమలో దిగుటకు బాట వేయించినది. చరిత్రలో ఇట్టి ముడులు కావలెనని వేసినవి కావు, తమంత పడినవి.

ఆ బాటను ఒక యజమాని వేసినను, కొన్ని దినములు అది అందరిదయినది. 1981లో ఏర్పడిన వాయుదూత్ సంస్థ చిన్న పట్టణములకు విమానములు నడుపుచు రామగుండమును గూడ తన పట్టికలో చేర్చినది. దాని డోర్నియర్ 228 విమానమునకు పందొమ్మిది మందికి చోటు, రెండు ఇంజనులు. పొట్టి బాటపై దిగుట, లేచుట దానికి సులభము. సింగరేణి ఇంజనీరు, విద్యుత్కేంద్రపు అధికారి, గోదావరిఖని వర్తకుడు టిక్కెట్టు కొని విమానమెక్కగలిగిన కాలము అది ఒక్కటే. వాయుదూత్ నష్టములతో క్రుంగి 1993లో ఇండియన్ ఎయిర్‌లైన్స్‌లో కలిసిపోయినది. బసంత్‌నగరునకు విమాన సేవ ఆగినది. అంతర్జాతీయ పట్టికలలో ఆ బాటకు ఇచ్చిన ఆర్.ఎం.డి. అను మూడు అక్షరముల గుర్తు మాత్రము నిలిచినది.

2004 ఏప్రిల్ 17వ తేదీ ఈ జిల్లా వారికి గుర్తుండును. ఎన్నికల ప్రచారమునకు కరీంనగరు రావలసిన సినీనటి సౌందర్య బెంగుళూరు జక్కూరు మైదానము నుండి బయలుదేరెను. విమానము ఒంటి ఇంజను గల సెస్నా 180. లేచిన కొద్ది క్షణములకే అది కూలి మంటలలో చిక్కుకొనినది. ఆమె, ఆమె సోదరుడు, మరి ఇద్దరు మరణించిరి. ఇచ్చట సభకు చేరిన జనులు రానివారి కొరకు ఎదురుచూచి ఇండ్లకు మరలిరి. రెండు ఇంజనులుండిన బ్రతికియుందురని అప్పుడు పలువురు అనుకొనిరి. కాని అంతకు సుమారు రెండున్నర ఏండ్ల క్రితమే, 2001 సెప్టెంబరు 30వ తేదీన, మాధవరావు సింధియా ప్రయాణించిన రెండు ఇంజనుల కింగ్ ఎయిర్ ఉత్తరప్రదేశమున కూలినది. ఆయనయు ఒక సభకే పోవుచుండెను. ఇంజనుల లెక్క కన్న ముందు, అందుకొనవలసిన సభల లెక్కను చూడవలెనని మాకు తోచును.

ఆదిలాబాదు మైదానము కథ వేరు. పట్టణమునకు చేరువనే నిజాం కాలమున ఏర్పడిన ఆ స్థలము సుమారు 360 ఎకరములు. వరంగల్లు వద్ద మామునూరు మైదానము గూడ ఆ కాలపుదే. 1948లో సిడ్నీ కాటన్ అను ఆస్ట్రేలియా వైమానికుడు కరాచీ నుండి రాత్రివేళల ఆయుధములను తెచ్చి బీదరు, వరంగల్లు మైదానములలో దింపెను. సెప్టెంబరు 13వ తేదీన పోలీసు చర్య మొదలుకాగానే భారత వాయుసేన ఆ రెండింటిపై బాంబులు వేసినది. ప్రభువుల నేల ప్రభుత్వపు నేల అయినది. ఆదిలాబాదు మైదానము రక్షణశాఖ చేతికి వచ్చి ఏండ్ల తరబడి విమానము లేక ఖాళీగా నిలిచినది. పత్తి బండ్లు బారులు తీరు ఊరిలో అంత విశాలమైన చదును నేల ఏమియు పండక, ఏమియు దిగక యుండుట చూచువారికి వింతయే.

2025లో ఈ కథ కదలినది. మామునూరు విమానాశ్రయ పునరుద్ధరణకు కేంద్రము అనుమతించినది. ఏప్రిల్ నెలలో ఆదిలాబాదు మైదానమును పౌర విమానములు గూడ వాడుకొనుటకు వాయుసేన సమ్మతించినది. ఇక పెద్ద బాట, పెద్ద విమానము, టిక్కెట్టు ధరలు – చర్చ అంతయు వాటి చుట్టునే తిరుగుట సహజము. చిన్న విమానము మాట ఎత్తువారు అరుదు. నాగపూరు ఇచ్చట నుండి గాలిబాటన సుమారు 170 కిలోమీటర్లు, హైదరాబాదు 245, బసంత్‌నగరు 140. గుండెపోటు వచ్చిన రోగిని ఉట్నూరు వైపు నుండి తెచ్చి నాగపూరు చేర్చుటకు జోడు ఇంజనుల చిన్న విమానమునకు నలుబది నిమిషములు చాలును. దానికి ఏడెనిమిది వందల మీటర్ల గట్టి బాట చాలును; వేసవి ఎండను తలచి వేయి మీటర్లు అడిగినను అధికము కాదు. మైదానపు అంచున నాలుగు విమానములు నిలుచు రేకుల షెడ్డు, పెట్రోలు నిలువ చేయుటకు చిన్న తొట్టి, గాలి దిక్కు చూపు గుడ్డ గొట్టము. ఇద్దరు మిత్రులు కలిసి కొన్న విమానమునకు గూడ ఇవియే కావలెను. 360 ఎకరములలో వీటికి పట్టు చోటు రెండు మూడు ఎకరములు.